ఉప్పుటేటిలో మంచు కొట్టిన రోజు

2023 మార్చి 6, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవై. నౌపడ ఉప్పు కొఠార్లలో నా కాటా ముందుకి నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఉత్తర ధ్రువానికి మంచు కావాలి. రెండు టన్నులు ఇప్పించగలరా?"

అప్పటికి ఆ కాటా దగ్గర నాకు ముప్పై ఎనిమిదో ఏడు నడుస్తోంది. చేపలు ఎండబెట్టడానికి ఉప్పు అడిగినవాళ్ళని చూశాను, తోళ్ళ వాళ్ళని చూశాను, ఒకసారి దిష్టి తీయడానికి గుప్పెడు అడిగిన పోలీసు అధికారిని కూడా చూశాను. మంచు అడిగినవాడు ఇతడే.

"మంచు లేదు బాబూ. ఉప్పే ఉంది."

"అదేనండి మంచు" అన్నాడు.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను అడుగుతూ ఉంటారు, అన్నేళ్ళ సర్వీసులో గొప్ప రోజు ఏదని. నేను పదవీ విరమణ చేసింది ఆ ఏడాది జూన్‌లో. గొప్ప రోజు అంతకు మూడున్నర నెలల ముందు వచ్చింది. అది ఉప్పు అమ్మిన రోజు కాదు, ఏట్లో పారబోసిన రోజు. మొదటినుంచీ చెబుతాను.

వచ్చినాయన హైదరాబాదు నుంచి వచ్చిన సినిమా కళాదర్శకుడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ తేలికపాటి క్రూయిజర్లనే యుద్ధనౌకలు ఆర్కిటిక్ సముద్రంలో ఎలా పనిచేశాయో చూపించే చిత్రం తీస్తున్నారట. నిజం మంచులోకి వెళ్ళే స్తోమత లేక, తెల్లగా కనిపించే చోటు కోసం వెతుక్కుంటూ మా ఉప్పు మడుల దగ్గరికి వచ్చారు. ఉప్పుటేట్లో రెండు పడవలు జంటగా కట్టి, వాటి మీద సరుగుడు దుంగలు పరిచి అట్టువ, అంటే వేదిక, వేసి, అట్టువ మీద ప్లైవుడ్డుతో ఓడ ముందు భాగం కడతారు. మూడు గొట్టాల ఫిరంగి ఒకటి, స్తంభం ఒకటి, చుట్టూ రెయిలింగు. దాని నిండా మంచు పేరుకుని ఉండాలి. నావికులు ఆ మంచుని గొడ్డళ్ళతో కొట్టే దృశ్యం తీయాలి. అదీ పని.

ఈ మాట వినగానే మా కొఠార్ల కాపలా పెద్ద కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయనది టెక్కలి. మాలో చేరకముందు నేవీలో చేసి వచ్చాడు. అందరికీ ఆయన నేవీ మావ. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన శిక్షణ పొందిన ఓడ ఒకప్పటి బ్రిటిష్ క్రూయిజర్. యుద్ధమంతా ఆ మంచు సముద్రాల్లోనూ మిగతా చోట్లా తిరిగి, తరవాత మన దేశం కొంటే ఇటు వచ్చింది. నేనిక్కడ ఎవరి పేరూ రాయడం లేదు కాబట్టి ఓడ పేరు కూడా రాయను. దాన్ని తీసుకురావడానికి ఇంగ్లాండు వెళ్ళిన మనవాళ్ళలో ఒకడు ఈయనకి గురువు. అక్కడి నావికులు ఆ గురువుకి చెప్పినవి, గురువు ఈయనకి చెప్పినవి, ఈయన పదిహేనేళ్ళుగా మాకు చెబుతున్నాడు. మేము విని గాలికి వదిలేసేవాళ్ళం. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆయన నోరు తెరిస్తే మా ఆడవాళ్ళు కావాలని అడిగేవారు.

"తేలికపాటి ఓడంటే ఎంత బరువేటి మావా?"

"ఎనిమిది వేల టన్నుల పైమాటే."

"ఓలమ్మా! అదా తేలిక! మరి నీ పెళ్ళాం వండే అన్నం తేలికనుకో."

"బరువుని బట్టి కాదే తల్లీ. ఫిరంగి గొట్టాన్ని బట్టి. గొట్టం నోరు ఆరంగుళాలు దాటకపోతే తేలికపాటి క్రూయిజరు."

అంతవరకు వినేవారు. ఆ తరవాత ఆయన మంచు సంగతి ఎత్తుకునేవాడు. రష్యాకి టాంకులూ మందుగుండూ మోసుకెళ్ళే సరుకు ఓడల గుంపుకి ఈ క్రూయిజర్లు కాపలా. పైన జర్మన్ విమానాలు, కింద జలాంతర్గాములు. వాటికి భయపడినంతగా మంచుకీ భయపడ్డారట. కెరటం ఎగిరి ఫిరంగి మీద పడితే పడ్డచోటే గడ్డకట్టేది. రెయిలింగుకి, తాళ్ళకి, స్తంభానికి మందంగా పట్టేది. వంటవాడితో సహా అందరూ గొడ్డళ్ళూ సుత్తులూ పట్టుకుని కొట్టవలసిందే. "కొట్టకపోతే?" అని ఎవరైనా అడిగితే, "ఓడ తిరగబడుద్ది" అనేవాడు. ఎనిమిది వేల టన్నుల ఇనుము నీటి గడ్డకి తిరగబడుతుందా అని మేము నవ్వి చేతులు కడుక్కునేవాళ్ళం.

కళాదర్శకుడు ఆయన్ని ఆ రోజే సలహాదారుగా పెట్టుకున్నాడు. నేవీ మావ మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ఇక పడవలు. వాటి సంగతి జాగ్రత్తగా చెప్పాలి. అవి మా ఆడవాళ్ళ జట్టు మేస్త్రమ్మ వాళ్ళవి. ఆమె నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తుంది, అందుచేత ఆమె మొగుడు నాకు మరిది. వాళ్ళది సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున పల్లె. తుపానుకి పాత పడవలు రెండూ ముక్కలైపోతే మూడేళ్ళు ఇతరుల పడవల మీద కూలికి వెళ్ళి, ఈ రెండూ చేయించుకున్నారు. వేట నిషేధం రావడానికి ఇంకా నెల రోజులకి పైనే ఉంది. చేపలు పడే రోజులు. అయినా వారం రోజులకి సినిమా వాళ్ళకి అద్దెకిచ్చారు.

"ఏటే, పడవలకి ఏమన్నా అయితే?" అని అడిగాను.

"ఏటవుద్దప్పా? సముద్రంలోకి ఎల్లేవి ఏట్లో కూకుంటాయి. రెస్టు దొరికినట్టే."

మరిదికి అంత ఇష్టం లేదు. వేటాడని పడవ మీద బొమ్మ ఓడ కట్టడం గంగమ్మ తల్లికి వేళాకోళం చేసినట్టుంటుందని గొణిగాడు. కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, అప్పుడు దుంగలు కట్టనిచ్చాడు. మాది బాప్టిస్టు సంఘం. నేను ఆ పూజ పళ్ళెం ముట్టుకోలేదు గానీ, నా పద్ధతిలో నేనూ ఒక ప్రార్థన చేశాను. ఆ పడవలు మునిగితే ఆ ఇంటికి వేరే ఆధారం లేదని నాకు తెలుసు.

బుధవారం ఉప్పు పట్టించడం మొదలుపెట్టారు. నేను రెండు టన్నుల నూట అరవై కిలోలు తూచి పంపాను. కళాదర్శకుడు ప్లైవుడ్డు మీద ఇనుప జాలి, జాలి మీద గోనె కొట్టించి, ఆడవాళ్ళకి చేసి చూపించాడు. పైపైన చల్లాలి. గాలి ఎడమ వైపునుంచి కొట్టినట్టు ఉండాలి కాబట్టి ఎడమ వైపు కొంచెం ఎక్కువ. పొడిగా, తేలిగ్గా, దూది అంటించినట్టు. "అర్థమైందా అమ్మా?" "అయింది బాబూ." అతడు భోజనానికి పలాస వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా కొఠార్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మడిలో ఉప్పు తీసి కుప్ప పోస్తే దాన్ని అలా వదిలేసి ఇంటికి పోరు. చిక్కటి ఉప్పునీరు చిలకరించి, చెక్క పలకతో చుట్టూ కొట్టి, వాలు తేల్చి, పైకి పెంకులా గట్టిపడేదాకా చదును చేస్తారు. అప్పుడు వాన పడ్డా జారిపోతుంది. కుప్పని పలకతో కొట్టకుండా ఇంటికి పోయిన ఆడదాని వల్లే వాన వస్తుందని మా దగ్గర మాట. అత్తలు కోడళ్ళని దెప్పే మాటల్లో అది మొదటిది. కుప్పని వదులుగా వదలడం ఆ చేతులకి రాదు.

మేస్త్రమ్మ తలెత్తి ఫిరంగి మీద చల్లిన ఉప్పు చూసింది. గాలికి రాలుతోంది.

"ఇదేటి, బూంది మీద పంచదార చల్లినట్టు! ఒలే, నీళ్ళట్రా."

అంతే. ఉప్పునీరు చిలకరించారు. పలకలతో కొట్టారు. కొట్టగా చదునైనచోట ఇంకాస్త పోశారు, మళ్ళీ కొట్టారు. స్తంభానికి తాటిచెట్టు మొదలంత మందం పట్టించారు. ఫిరంగికి గోపురంలా వాలు తేల్చారు. నేను పంపింది సరిపోకపోతే పక్క మడి గట్టు మీదున్న చిల్లర ఉప్పు గంపలకెత్తుకుని, గట్టు నుంచి అట్టువకి సామాను చేరేసే తెప్ప తిన్నగా ఎక్కించేశారు. కాటా మీదికి రాకుండా. నా సర్వీసులో తూకం లేకుండా గేటు దాటిన ఉప్పు అదొక్కటే. అందుకు నేను మేస్త్రమ్మతో ఇప్పటికీ వారానికొకసారి పోట్లాడతాను.

సాయంత్రం కళాదర్శకుడు వచ్చి నోరు తెరిచాడు. ఓడ ఉండవలసినచోట ఉప్పు కుప్పకి రెయిలింగు పెట్టినట్టుంది. కానీ ఎండ వాలుతూ దాని మీద పడితే మెరిసింది చూడండి, సినిమా దర్శకుడే వచ్చి "ఇది ముట్టుకోవద్దు, ఇలాగే ఉంచండి" అన్నాడు. గురు, శుక్రవారాలు ఎండకి కాలింది, రాత్రి తేమకి నానింది, మళ్ళీ కాలింది. రాయి అయింది.

నేవీ మావ మాత్రం శుక్రవారం సాయంత్రం గట్టు మీద నిలబడి పడవల అంచు కేసి చూస్తూ, "ఎడమ పడవ నాలుగు వేళ్ళు దిగింది" అన్నాడు. దర్శకుడు మరిదిని పిలిచి అడిగాడు. పడవ ఎంత బరువు మోస్తుందో మరిది చెప్పాడు. నేను ఉన్న లెక్క వేశాను, లెక్కలో లేని గంపలు ఆడవాళ్ళ జ్ఞాపకాన్ని బట్టి కలిపాను. మోయగల బరువులో మూడొంతులు కూడా కాలేదు. పరవాలేదన్నారు అందరూ. నేవీ మావ ఇంకేదో అనబోతే, పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ ఎవరమూ వినలేదు.

మార్చి 11, శనివారం. పోటు నిండుగా ఉంది. కెమెరా గట్టు మీద. అట్టువ మీద పన్నెండుమంది నటులు, అంత ఎండలో ముతక ఉన్ని కోట్లూ, కుళ్ళాయిలూ, మూతికి మఫ్లర్లూ. చేతుల్లో రంగు వేసిన రబ్బరు గొడ్డళ్ళు. కింద ఎడమ పడవలో కెమెరాకి కనపడకుండా మరిది గెడ పట్టుకుని కూర్చున్నాడు. మా ఆడవాళ్ళందరం పని మానేసి గట్టు మీద చేరాం.

దర్శకుడు కేక వేశాడు. నటులు గొడ్డళ్ళు ఎత్తి కొట్టారు. రబ్బరు గొడ్డలి రాతి ఉప్పుకి తగిలి ఎగిరి ఒకాయన నుదుటికే తగిలింది. మా వాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"సూడు సూడు, ఆడు తన నెత్తినే కొట్టుకుంతన్నాడు!"

"మంచు కొట్టమంటే పకోడీకి పిండి కలుపుతున్నట్టు కొడతన్నాడే!"

దర్శకుడు మళ్ళీ అన్నాడు, మళ్ళీ కొట్టారు. మూడోసారి అందరినీ ఎడమ వైపు రెయిలింగు దగ్గరికి రమ్మన్నాడు, కెమెరాకి దగ్గరగా. పన్నెండుమందీ వచ్చారు. అట్టువ ఎడమకి ఒరిగింది. అందరూ బెదిరి మళ్ళీ మధ్యకి జరిగారు. అట్టువ మాత్రం లేవలేదు. ఒరిగినచోటే ఉండిపోయింది.

నేవీ మావ నా పక్కనే ఉన్నాడు. "లేవట్లేదు. ఒరిగిన ఓడ తిరిగి లేవాలి. పైబరువు. ఇది పైబరువు."

"మోయగల బరువే కదా మావా" అన్నాను.

"ఎంతుందని కాదమ్మా, ఎక్కడుందని! నెత్తిన గంప పెట్టుకుని గట్టు మీద నడుస్తారు మీవాళ్ళు. తిన్నగా నడిస్తే గంప ఉంటుంది. పక్కకి వంగితే? గంప మనిషిని పడేస్తుంది. స్తంభం మీదా ఫిరంగి మీదా ఉన్నదంతా నెత్తి మీద గంపే."

పదిహేనేళ్ళుగా ఆయన చెబుతున్నది నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. అప్పటికే ఎడమ పడవ అంచు మీదుగా నీళ్ళు లోపలికి వస్తున్నాయి. పోటు తిరిగి నీరు తీయడం మొదలైంది. లంగరు తాడు బిగుసుకుంది. అది తెగితే అట్టువ తిన్నగా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి రాళ్ళ కట్ట మీదికే పోతుంది. మరిది డబ్బాతో నీళ్ళు తోడుతున్నాడు.

మేస్త్రమ్మ గట్టు అంచుకి పరిగెత్తింది. "ఓలయ్యో, పైకి వచ్చీ! ఒదిలీసి వచ్చీ!"

"నానొచ్చేత్తే పడవలెల్లిపోతాయే!"

కళాదర్శకుడు ఫోను తీసి కాశీబుగ్గ నుంచి క్రేను రప్పిస్తానన్నాడు. నేవీ మావ ఆ ఫోను పట్టుకున్న చెయ్యి కిందకి నొక్కి, మా ఆడవాళ్ళ వైపు తిరిగాడు. మాకెవరికీ తెలియని గొంతు అది. ఓడ మీద ఆర్డరు వేసే గొంతు.

"గునపాలు ఎవరి దగ్గరున్నాయి?"

ఆరుగురు చేతులెత్తారు.

"తెప్ప ఎక్కండి. నటుల్ని అదే తెప్పలో దింపుతాం. ముందు స్తంభం. పైనుంచి కిందకి. తరవాత ఫిరంగి, ఎడమ పక్క. ఊడినదాన్ని అట్టువ మీద ఉంచొద్దు, ఏట్లోకి తోసేయండి. ఎవరూ ఎడమకి పోవద్దు. నేను చెప్పినప్పుడే కొట్టండి."

మొదటి దెబ్బ మేస్త్రమ్మదే. పెంకు పగిలి ముక్కలు గాజుపెంకుల్లా ఎగిరాయి. ఒకామె మొహం గీసుకుపోయింది. దిగుతున్న నటుణ్ణి మేస్త్రమ్మ కాలరు పట్టుకు ఆపింది.

"కోటు ఇలగిచ్చీ బాబూ. ఆ టోపీ కూడా. నీకేల, ఇంటికెల్తన్నావు కదా."

అలా ఆరుగురూ చీరల మీద కోట్లు తొడుక్కుని, కుళ్ళాయిలు నెత్తిన లాక్కుని, మఫ్లర్లు మూతికి చుట్టుకుని మళ్ళీ గునపాలెత్తారు. గట్టు మీదనుంచి నేవీ మావ లెక్క అందుకున్నాడు. "హైస్సా!" అంటే ఆరు గునపాలు ఒక్కసారి పడేవి. ఏ ఓడ మీదా ఈ మాటతో మంచు కొట్టి ఉండరు. మా వాళ్ళకి వల లాగేటప్పటి మాట అదే తెలుసు.

స్తంభం చుట్టూ పట్టిన ఉప్పు మొదట కదల్లేదు. అట్టువ ఇంకొంచెం ఒరిగింది. ఒకామె కాలు జారి మోకాలి మీద పడి, అలాగే కూర్చుని కొట్టింది. నేను దేవుణ్ణి ఏమడిగానో గుర్తులేదు, పైకే అడిగానని తరవాత చెప్పారు. నాలుగో హైస్సాకి పై భాగం నిలువునా చీలింది. మనిషంత గడ్డ ఒకటి విడిపోయి, ఫిరంగి మధ్య గొట్టాన్ని విరుచుకుంటూ ఏట్లో పడింది. లేచిన నీరు గట్టు మీదున్న మా కాళ్ళు తడిపింది.

అట్టువ ఊగింది. ఊగి, ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది.

"లేస్తోంది!" అన్నాడు నేవీ మావ. "ఆపొద్దు! ఫిరంగి!"

ఫిరంగి మీది గోపురాన్ని, తామే పలకలతో కొట్టి కట్టిన దాన్ని, తామే పగలగొట్టారు. ఒకరు గునపం దించితే ఇంకొకరు పారతో తోసేవారు. ఎడమ పడవ అంచు నీళ్ళలోంచి పైకి వచ్చింది. మరిది నీళ్ళు తోడుతూనే, నెత్తిన ఉప్పు పడుతుంటే తిట్టాడు. ఆ తిట్టు విని మేస్త్రమ్మ నవ్వింది. తిడుతున్నాడంటే బాగున్నాడన్నమాట. రెండు పడవలూ సమానంగా తేలేసరికి ఆరుగురూ గునపాలు పట్టుకుని, ఊడిన టోపీలతో, మొహాల నిండా ఉప్పుతో నిలబడ్డారు. గట్టు మీద ఊరంతా ఈలలు. నేవీ మావ నిటారుగా నిలబడి వాళ్ళకి సెల్యూట్ చేశాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, ఉప్పు పడిందన్నాడు.

అప్పుడు చూశాం, కెమెరా మనిషి కెమెరా ఆపనే లేదు.

దర్శకుడు ఒడ్డుకి వచ్చిన మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి, కొంచెం సిగ్గుపడుతూనే అడిగాడు. "అమ్మా, రేపు ఒక్కసారి... ఇలాగే మళ్ళీ..."

"రేపా? రేపు మా ఆయన ఏటకెల్తాడు. మంచు కావాలంటే నువ్వు కొట్టుకో బాబూ, గునపం ఇత్తాను."

మర్నాడు ఆదివారం. నేను చర్చికి, మరిది వేటకి వెళ్ళాం. శనివారం రాత్రే దుంగల కట్లు విప్పించిన రెండు పడవలూ వెళ్ళాయి, చేపలతోనే వచ్చాయి.

ఆ చిత్రం తరవాతి సంవత్సరం వచ్చింది. టెక్కలిలో నేవీ మావ ఇంట్లో పెద్ద టీవీ ముందు అందరం కూర్చుని చూశాం. యుద్ధం, పటాలు, మాకు తెలియని మనుషుల మాటలు చాలాసేపు నడిచాయి. ఆ తరవాత తెల్లటి ఓడ, ఎగిరే మంచు ముక్కలు, మొహాలు కనపడని నావికులు ఆరుగురు. ఓడ ఒరిగి ఉంది. వాళ్ళు కొడుతున్నారు. నేను దగ్గరుండి చూసినదాన్నే, అయినా చలేసింది. గునపాలు దూరానికి గొడ్డళ్ళలాగే ఉన్నాయి.

"అది నా మోచెయ్యి!"

"ఒలే, కోటు కింద నీ చీర అంచు అగుపడతన్నాదే! ఇంగిలీసోడికి జరీ ఏటే!"

నేవీ మావ భార్య టీ తెచ్చి, అన్నేళ్ళలో మొదటిసారి, "ఆ మంచు సంగతి మళ్ళీ చెప్పండి" అంది. ఆయన చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా, ఎవరూ లేవలేదు. మేస్త్రమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"మాకు ఒక్కపూట. మరి ఆల్లకి?"

"వెళ్ళేటప్పుడు పది, పన్నెండు రోజులు. వచ్చేటప్పుడు మళ్ళీ అన్నే రోజులు. కాలు జారి నీళ్ళలో పడితే కొద్ది నిమిషాలే ప్రాణం."

ఆమె టీ గ్లాసు కింద పెట్టి, తెర మీది ఓడకి చేతులు జోడించింది.

లెక్కకి లెక్క రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ శనివారం ఉప్పుటేట్లో పోయినవి: గునపాలు రెండు. పార ఒకటి. ఉన్ని కోటు ఒకటి, కుళ్ళాయిలు మూడు. రబ్బరు గొడ్డళ్ళు పన్నెండింటికి పన్నెండు. ఫిరంగి గొట్టం ఒకటి. మరిది నీళ్ళు తోడిన డబ్బా. మేస్త్రమ్మ ఎడమ చెవి కమ్మ, మరిది కుడిచేతి చిటికెనవేలి గోరు. ఉప్పు, తూచినదీ తూచనిదీ, దాదాపు అంతా.

మనిషి ఒక్కరూ పోలేదు. పడవ ఒక్కటీ పోలేదు.